వీరస్వామి నాలుగు గొంతుల పాట

యూనివర్సిటీ క్యాంపస్‌లో మూడు హాస్టళ్లకు నీళ్లు వదిలేది వీరస్వామే. పొద్దున్నే పంపు హౌస్ తాళం తీసి, మోటరు వేసి, ఒక్కో వాల్వూ తిప్పుకుంటూ పోతాడు. ఏ వాల్వును ఎన్ని చుట్లు తిప్పితే ఏ హాస్టల్ మూడో అంతస్తుకు నీళ్లెక్కుతాయో ఇంజనీర్లకు కూడా సరిగా తెలియదు. వాళ్లూ అతన్నే అడుగుతారు. కాకపోతే తెలుసుకుంటున్నట్టు కాకుండా పరీక్ష పెడుతున్నట్టు అడుగుతారు. ఏడో తరగతిలో బడి మానినవాడికి లోకమంతా పరీక్ష పెట్టేవాళ్లే. ఇరవై ఆరేళ్ల సర్వీసులో వీరస్వామి దానికి అలవాటు పడిపోయాడు.

ఆదివారం మాత్రం పరీక్ష పెట్టేది అతను. తార్నాకలో రైలు పట్టాల వైపు పోయే సందులో రేకుల కప్పు చర్చి ఒకటుంది. అక్కడ పద్నాలుగు మంది పాడే క్వయర్‌కు అతనే మాస్టర్. పాటలు కూడా అతనే కడతాడు. ఇప్పటికి నలభై ఒకటి కట్టాడు. అన్నీ నాలుగు గొంతులవే: ఆడవాళ్లలో పైగొంతు సొప్రానో, కిందిగొంతు ఆల్టో, మగవాళ్లలో పైది టెనర్, కిందిది బేస్. నలుగురూ ఒకే రాగం పాడితే అది భజన. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడుస్తూ అడుగడుగునా ఒకదాన్నొకటి పట్టుకుని నడిస్తేనే అతని లెక్కలో అది క్వయర్ పాట.

ఈ విద్య అతనికి మెట్టుగూడలో అబ్బింది. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఉన్న రోజుల్లో క్వార్టర్ల దగ్గరి చర్చిలో ఆర్గన్ వాయించే ఒక ముసలాయన, బడి ఎగ్గొట్టి వచ్చి కిటికీ దగ్గర నిలబడే ఈ పిల్లవాణ్ని లోపలికి పిలిచి సోల్ఫా నేర్పాడు. డో, రే, మీ, ఫా అంటూ అక్షరాల్లో రాసే పద్ధతి. గీతల కాగితం అక్కర్లేదు, వాయిద్యం అక్కర్లేదు. డో అంటే నిచ్చెన మొదటి మెట్టు. దాన్ని ఎక్కడ వేసుకుంటే అక్కడి నుంచి మిగతా మెట్లు వాటంతటవే వస్తాయి. ఎత్తుగా వేసుకుంటే పాటంతా ఎత్తున నడుస్తుంది, కిందికి వేసుకుంటే కింద నడుస్తుంది. ఒక్కటే షరతు, కలిసి పాడేవాళ్లందరికీ డో ఒక్కటే కావాలి.

ఆ ఏడాది క్రిస్మస్‌కు ముందు తొమ్మిది చర్చిల క్వయర్లు కలిసి క్యాంపస్ ఆడిటోరియంలో పాడాలని ఒక కమిటీ ఏర్పడింది. మూడు వందల మంది పాడతారు. ముగింపు పాట మాత్రం కొత్తదై ఉండాలి, ఈ తొమ్మిది చర్చిల్లోనే ఎవరో కట్టినదై ఉండాలి అన్నారు. ఆ మాట విన్ననాటి నుంచి వీరస్వామికి నిలకడ లేదు. అతని పాటలు ఏనాడూ పద్నాలుగు గొంతులు దాటలేదు. ఒక టెనర్‌కు జ్వరమొస్తే ఆ పాటకు ఆ ఆదివారం ఒక కాలు లేనట్టే. అయినా కట్టేటప్పుడు అతను పద్నాలుగు మందిని ఊహించుకుని ఎప్పుడూ కట్టలేదు. వాల్వ్ తిప్పుతూ వందల మందిని వినేవాడు. ఆ వందల మంది ఇప్పటిదాకా అతని తలకాయలోనే ఉన్నారు. వాళ్లను ఒక్కసారైనా బయట, తన చెయ్యి ముందు నిలబెట్టి వినాలి. యాభై రెండేళ్లకు అతనికి మిగిలిన కోరిక అదొక్కటే. నలభై రెండో పాట దానికోసమే కట్టి, నోట్‌బుక్ కమిటీకి ఇచ్చి వచ్చాడు. పాట పాసవుతుందా అన్న అనుమానం అతనికి రాలేదు. మంచిదని అతనికి తెలుసు.

బుధవారం పొద్దున రెండో హాస్టల్ వాల్వ్ దగ్గరుండగా ఫోన్ మోగింది. కమిటీ సెక్రటరీ శామ్యూల్ గారి మెసేజ్.

"వందనాలు బ్రదర్. మీరు పంపిన పాట కమిటీ విన్నది. మీ ఆసక్తి మెచ్చుకోదగినదే. అయితే గొంతులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పాడడానికి వీలైన పాట కాదని అందరం అభిప్రాయపడ్డాం. వచ్చే ఏడాది ప్రార్థనతో ప్రయత్నించగలరు." కింద ఆడియో ఒకటి పెట్టారు.

తాను ఆడియో ఏదీ పంపనేలేదే అనుకుంటూ వీరస్వామి దాన్ని నొక్కాడు.

తార్నాక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఇరుక్కున్న నాలుగు బస్సులు ఒక్కసారి హారన్ కొడితే ఎలా ఉంటుందో అలా ఉంది. వీరస్వామి ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు. మళ్లీ విన్నాడు. ఈసారి ఒక్కో గొంతునూ విడదీసి విన్నాడు. సొప్రానో స్నేహలతది, తప్పు లేదు. ఆల్టో తన భార్య వనజది, తప్పు లేదు. టెనర్ బాబీ, బేస్ పేరయ్య, ఎవరిదీ ఒక్క మెట్టు కూడా జారలేదు. తాళం కూడా నలుగురిదీ సరిగ్గా కలిసింది. అందుకే మరీ ఘోరంగా ఉంది. మూడోసారి వినేసరికి సంగతి అర్థమై, వాల్వ్ చక్రం పట్టుకుని గట్టిగా నవ్వాడు. అటు పోతున్న విద్యార్థి ఒకడు ఆగి చూసి, మనకెందుకులే అని పోయాడు.

అతని దగ్గర పాట నేర్చుకునే పద్ధతి ఒకటుంది. మొదటి వారం ఎవరి పార్టు వాళ్లే నేర్చుకోవాలి. ఒక్కో గొంతుకు పెద్ద ఒకరు తన పార్టు పాడి క్వయర్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. వంట చేసుకుంటూనో, కుట్టుకుంటూనో, వీరస్వామి చిటికెలేసి పెట్టిన తాళం చెవిలో వింటూ, డో మాత్రం తమ గొంతుకు హాయిగా ఉన్నచోట వేసుకుని పాడతారు. మిగతావాళ్లు అది విని మెట్లు పట్టుకుంటారు. అందరూ కలిసిన రోజు వీరస్వామి ఒక్క డో ఇస్తాడు, నలుగురూ దానిమీదికి వస్తారు. గ్రూపు పెట్టుకున్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆ నాలుగు ముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి వింటారని ఎవరికి తెలుసు?

వనజ మొదటి హాస్టల్ మెస్‌లో పనిచేస్తుంది. అతను పోయేసరికి పూరీలు ఒత్తుతోంది.

"వనజా, పాట శామ్యూల్ సారుకు నువ్వు పంపినవా?"

"పంపిన. సాయంత్రంకల్ల ఆడియో కావాలె అని ఫోన్ చేసిండ్రు. నువ్వేమో పుస్తకం ఇచ్చి మహారాజు లెక్క వచ్చి కూసున్నవు. గా పుస్తకం చూసి వాళ్లకు ఏం సమజ్ కాలేదంట. తాయెత్తు రాతలా ఏంది అని నవ్వుకున్నరంట."

"ఏం పంపినవు?"

"గ్రూపుల నాలుగున్నయి గదా, నాలుగు పంపిన. నాలుగు కలిస్తే పాట అయితది సార్ అని రాసిన. తప్పేముంది?"

"కలిపిండ్రు. ఇను."

ఆడియో మొదలైంది. వనజ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. పొయ్యి దగ్గరున్న వంటవాడు వెనక్కి తిరిగి, "ఏందన్నా, మిక్సీ ఖరాబైందా?" అన్నాడు.

"అయ్యో, గిది నేనేనా?" అంది వనజ.

"నువ్వే. మస్తు పాడినవు."

"మరి గిట్లున్నదేంది?"

"నీ డో నీ వంటింట్ల ఉన్నది, బాబీ డో వాని కుట్టుమిషిన్ కాడ ఉన్నది. పేరయ్యది బ్యాంకు గేటు కాడ. ఎక్కడోళ్లను అక్కడనే పట్టుకొచ్చి ఒక్క గదిల తోసిండ్రు."

ఆమెకు వెంటనే అర్థమైంది. ముఖం చిన్నబోయింది. "నాదే తప్పు. నువ్వు ఎన్నేండ్ల సంది..."

"నీ తప్పేంది? పంపుడే కదా నీ పని. ఒకదానిమీద ఒకటి పెట్టి ఇన్నోళ్లకు చెవులుండాలె గదా. అందరూ పెద్ద పెద్ద చదువులు చదివినోళ్లే."

"గిదే మాట సారింట్ల అనకు. నేను గూడ వస్త. కోపం పంపు హౌస్‌ల పెట్టి తాళం వేసి రా."

సాయంత్రం ఇద్దరూ శామ్యూల్ గారి ఇంటికి వెళ్లారు. ఆయన కాకినాడ వైపు నుంచి వచ్చి, సర్కారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై తార్నాకలో స్థిరపడ్డ మనిషి. మర్యాద తెలిసినవాడు. ఎంత మర్యాద అంటే, ఎదుటివాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో చూపుతోనే చెబుతాడు. వాళ్లకు గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలు చూపించాడు. సోఫాలో జ్యోతిర్మయి కూర్చుని ఉంది. ఆమె యూనివర్సిటీలో లెక్చరర్, పియానో పరీక్షలన్నీ పాసైన మనిషి. మూడు వందల మందినీ నడిపించబోయేది ఆమే.

"చూడు వీరస్వామీ, నొచ్చుకోకు," అన్నాడు శామ్యూల్. "మేము ఎవరి పక్షమూ వహించలేదు. రామంతాపూర్‌లో శశిభూషణ్ అని స్టూడియో కుర్రాడున్నాడు. అన్ని పాటలూ అతనికే ఇచ్చాం. ఎవరిదీ ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు కలిపి ఇవ్వు అన్నాం. న్యాయంగా ఉండాలని."

"న్యాయమే సార్. గా పిల్లగాడు ముట్టుకున్నా బాగుండు."

జ్యోతిర్మయి ముందుకు వంగింది. "మీరు ఏ స్కేల్‌లో రాశారండీ పాట?"

"స్కేల్ ఏం లేదు మేడం. ఎవరు పాడితే వాళ్లకు ఏది అనుకూలమైతే అదే స్కేల్."

శామ్యూల్ గారు ఆమె వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు వీరస్వామి చూశాడు, వనజ చూసింది, వీరస్వామి చూడడం కూడా వనజ చూసి అతని మోచెయ్యి పట్టుకుంది. అతను నెమ్మదిగానే సంగతంతా చెప్పాడు. డో గురించి, గ్రూపు గురించి, నలుగురు నాలుగు చోట్ల పాడడం గురించి.

"అయితే అది మీ పొరపాటే కదయ్యా," అన్నాడు శామ్యూల్.

"సార్, దర్జీ అంగీకి నాలుగు ముక్కలు కత్తిరించి బల్లమీద పెట్టిండు అనుకోండి. మీరు కుట్టకముందే మీద వేసుకొని, ఈ అంగీ నాకు పట్టలేదు అన్నరు. తప్పు బట్టదా, దర్జీదా?"

జ్యోతిర్మయి నవ్వాపుకోలేక చేతిలో కప్పు కింద పెట్టింది. శామ్యూల్ గారికి మాత్రం నవ్వు రాలేదు.

"కమిటీ నిర్ణయం అయిపోయింది. ముగింపుకు వేరే పాట అనుకున్నాం. శనివారం రిహార్సల్. ఇప్పుడు మళ్లీ మొదటికి తెస్తే బాగుండదు."

"మొదటికి తేవద్దు సార్. శనివారం మేం పద్నాలుగు మందిమి గూడ రావాలె కదా. చాయ్ తాగే టైమ్‌ల మేం పాడుకుంటం. ఇనాలె అనుకునేటోళ్లు ఇంటరు, లేనోళ్లు బిస్కెట్లు తింటరు."

"చాయ్ టైమే కదండీ, పాడనిద్దాం," అంది జ్యోతిర్మయి. సెక్రటరీ గారు తలాడించాడు. ఒప్పుకున్నట్టు కాదు, ఇక లేవండి అన్నట్టు.

బయట సందులోకి వచ్చాక వనజ అడిగింది. "పద్నాలుగు మందిమి ఏనాడు కలిసి పాడలే ఈ పాట. రెండు రోజులే ఉన్నది. అయితదా?"

"అయితది."

"భయం లేదా నీకు?"

"పాట మంచిగ లేకపోతే భయం ఉంటుండె."

గురువారం, శుక్రవారం సాయంత్రాలు రేకుల చర్చిలో అతను వాళ్లను ఊపిరాడనివ్వలేదు. బాబీ దుకాణంలో క్రిస్మస్ బట్టలు కుప్పగా పడి ఉన్నాయి. "అన్నా, గిరాకీ అంతా నన్ను తిడుతున్నది," అని మొత్తుకున్నాడు. "తిట్టనీ. వాళ్లు ఏ డో మీద తిడుతున్నరో చూసుకొని రా," అన్నాడు వీరస్వామి. బ్యాంకు గార్డు పేరయ్య డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చాడు. గుంటూరు మనిషి, కుండలోంచి వచ్చినట్టుండే గొంతు. పాట బేస్‌తోనే మొదలవుతుంది గనుక అతనికే ఎక్కువ చీవాట్లు పడ్డాయి. "మాస్టారూ, తుపాకీ పట్టుకున్నవాణ్ని ఇంతలా ఎవరూ తిట్టరండీ," అన్నాడతను.

శనివారం మధ్యాహ్నం ఆడిటోరియం నిండిపోయింది. తొమ్మిది చర్చిల వాళ్లు, తొమ్మిది రంగుల చీరలు. వేదిక మీద కీబోర్డు, స్పీకర్లు. రెండు గంటలు పాడించాక జ్యోతిర్మయి చాయ్ అంది. జనమంతా లేచి, చాయ్ డ్రమ్ము పెట్టిన మూల వైపు కదిలారు. వీరస్వామి తన పద్నాలుగు మందినీ వేదిక మెట్ల దగ్గర అర్ధచంద్రంగా నిలబెట్టాడు. మైకు వద్దన్నాడు. కీబోర్డు వాయించే అతను స్వరం ఇస్తానని లేవబోతే చేత్తోనే కూర్చోమన్నాడు. కళ్లు మూసుకుని, ఎక్కడ వేయాలో లోపల వెతుక్కుని, సన్నగా డో ఇచ్చాడు. పద్నాలుగు మందీ దాన్ని పెదవులు విప్పకుండా పట్టుకున్నారు.

బేస్ మొదలైంది.

"తెరువుము ప్రభువా, తెరువుము. దప్పిగొన్న వీధులకు నీ ఊటలు తెరువుము."

రెండో చరణానికి బేస్‌తో టెనర్ కలవాలి. అక్కడ పేరయ్య మూడు వందల మందిని చూసిన ఉత్సాహంలో ఒక తాళం ముందే వచ్చేశాడు. వనజ మొగుడి చేతుల వైపు చూసింది. వీరస్వామి ముఖంలో ఏమీ కదలలేదు. ఎడమ అరచెయ్యి చాపి, బేస్‌లను ఆ స్వరం మీదే పట్టి ఉంచాడు, కుడిచేత్తో టెనర్లను లోపలికి పిలిచాడు. వచ్చారు. ఆగి ఉన్న బేస్ మీదికి టెనర్ దిగినచోట పాట ముందుకన్నా బరువైంది. ఇకనుంచి ఇట్లనే ఉంచాలె అనుకున్నాడు అతను. ఆల్టో వచ్చింది, ఆ తర్వాత అందరికన్నా పైనుంచి స్నేహలత. ఒకరికొకరు ఎదురు నడిచినట్టే నడిచి, "ఊటలు" అనే మాట దగ్గర నలుగురూ ఒక్కచోట కలిశారు. ఆ ఒక్క మాటకు ఆడిటోరియం రేకు తలుపు సన్నగా జుయ్యిమంది.

చాయ్ పోసేవాడు పోస్తూనే ఉన్నాడు. తాగేవాళ్లు సగం మంది తాగుతూనే ఉన్నారు. కానీ ఎవరూ మాట్లాడుకోవడం లేదు. కప్పులు పట్టుకున్న మగవాళ్లు కొందరు మూడో చరణానికి బేస్ పట్టుకుని గొణగడం మొదలుపెట్టారు. పాట ముగిశాక చప్పట్లు కొట్టబోయిన వాళ్లను జ్యోతిర్మయి చెయ్యెత్తి ఆపింది. ఎక్కడి నుంచి వచ్చిందో, మెట్ల మీదే నిలబడి ఉంది.

"ఆల్టో ఒక్కటే పాడండమ్మా."

వనజ పాడింది.

"ఇప్పుడు బేస్‌తో కలిపి."

పాడారు. ఆమె అరచేతి మీద వేలితో తాళం వేస్తూ చివరిదాకా విన్నది. తర్వాత శామ్యూల్ గారి వైపు తిరిగి, అందరికీ వినబడేలాగే అంది. "మనం ఈ పాట వినలేదు సార్. వినకుండానే కాదన్నాం. నా చెవులకు తట్టి ఉండాల్సింది, తట్టలేదు. నాదీ తప్పే."

శామ్యూల్ గారు గెలిచే పక్షాన్ని గుర్తించడంలో ఆలస్యం చేసే మనిషి కాదు. మైకు తీసుకున్నాడు. "దేవుని నామానికి మహిమ కలుగును గాక. మన ముగింపు పాట ఇదే. మన సహోదరుడు వీరస్వామికి అభినందనలు. జ్యోతిర్మయి మేడం దీన్ని నడిపిస్తారు."

అందరూ చప్పట్లు కొట్టారు. వీరస్వామి చప్పట్లు అయ్యేదాకా ఆగాడు.

"సార్, పాట మీరు తీసుకోండి. మేడం పేరే పిలుపు కార్డుల ఉండనీయండి, నాకేం బాధ లేదు. ముందల నిలబడేది మాత్రం నేను."

"అదేంటి వీరస్వామీ? కార్డులు అచ్చయ్యాయి. అతిథులు వస్తున్నారు, బిషప్ గారు వస్తున్నారు..."

"బిషప్ గారు ఏ గొంతు సార్, టెనరా, బేసా? ముందుగాల చెప్పండి, జాగ ఉంచుత."

హాలంతా గొల్లుమంది. చాయ్ మింగుతున్న బాబీకి పొలమారింది. శామ్యూల్ గారి చెవులు ఎర్రబడ్డాయి. వనజ ఈసారి మొగుడి మోచెయ్యి పట్టుకోలేదు.

"నేను కట్టిన పాట సార్ ఇది. ఏడ ఆగాలె, ఏడ ఊపిరి తీయాలె నాకు ఎరుక. పేరయ్య జర తొందరపడితే ఎట్ల పట్టుకోవాలెనో నాకు ఎరుక. వేరేటోళ్లు నిలబడితే పాట పాడుతరు, కాదనను. అయితే గది నా పాట కాదు. నేను నిలబడొద్దంటే చెప్పండి, పద్నాలుగు మందిమి మా రేకుల చర్చిలనే పాడుకుంటం. మాకేం కొత్త కాదు."

అతని గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. నీళ్లు ఏ టైముకు వదులుతాడో హాస్టల్ వార్డెన్‌కు చెప్పినట్టు చెప్పాడు. శామ్యూల్ గారు జ్యోతిర్మయి వైపు చూశాడు, ఆమె ఏదో ఒకటి అంటుందని.

"నాకీ పాట రాదు సార్," అందామె. "రాని పాటకు నేను చెయ్యి ఊపలేను. నేను ఆల్టోలో నిలబడతాను." మెట్లు దిగి వచ్చి వనజ పక్కన నిలబడింది. "కొంచెం జరగండి."

"రండి మేడం," అంది వనజ జరుగుతూ. "మా ఆయన తిడతడు, పట్టించుకోకుర్రి. అందరిని తిడతడు."

వీరస్వామి వేదిక ఎక్కాడు. మూడు వందల మంది కింద నిలబడి ఉన్నారు. ఒక చివర నుంచి ఇంకో చివరికి చూశాడు. తర్వాత పని కనబడింది. నాలుగు గొంతులుగా విడదీయాలి. తొమ్మిది చర్చిల వాళ్లు తొమ్మిది గుంపులుగా నిలబడి ఉన్నారు, అది పనికిరాదు. చర్చి గిర్చి మరిచిపోయి ఎవరి గొంతు వైపు వాళ్లు రండన్నాడు. అయినా సగం మందికి తమ గొంతేదో తెలియదు. ఒక్కొక్క వరుస ముందు నుంచి నడుస్తూ డో నుంచి పాడించాడు. గొంతు ఎక్కడ ఆగుతుందో విని వేలితో చూపించాడు. "నువ్వు గిటు. అమ్మా, మీరు గటు. నువ్వు సొప్రానో కాదు బిడ్డా, మీ అక్క అయితే కావచ్చు."

టెనర్ల ముందు వరుసలో శామ్యూల్ గారు నిలబడి ఉన్నాడు. తమ చర్చిలో ముప్పై ఏళ్లుగా ఆయన టెనర్. ఆయన వంతు వచ్చింది. పాడాడు. ఐదో మెట్టు దాటేసరికి మెడ నరాలు తేలాయి.

"సార్, మీరు బేస్‌లకు పొండి."

"నేను టెనర్ అయ్యా. ముప్పై ఏళ్లుగా."

"ముప్పై ఏండ్లు మెడ పాడింది సార్, గొంతు పాడలే. పొండి, పేరయ్య పక్కన నిలబడండి."

శామ్యూల్ గారు అటూ ఇటూ చూశాడు. వెనక వరుస ఆగి ఉంది, తన తర్వాతివాడు అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని బేస్‌ల వైపు నడిచాడు. బ్యాంకు గార్డు పేరయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు. వీరస్వామి కింది డో ఇవ్వగానే ఆయన నోరు తెరిచాడు. నల్లగా, నిండుగా ఒక స్వరం బయటికి వచ్చింది. తన పక్కనుంచి ఎవరో పాడారేమోనని ఆయన తలతిప్పి చూశాడు.

వీరస్వామి అప్పటికే సొప్రానోల దగ్గరికి పోయాడు.